పిల్లల ఒంటి దురదకు కారణం ఎందుకు దొరకదు? ఈలోగా ఏం చేయొచ్చు?

సంక్షిప్తంగా

కారణం తెలియదనుకునే చిన్నపిల్లల దురద చాలావరకు ఎగ్జిమా (చర్మం పొడిబారి, వాచి, దురద పెట్టే జబ్బు), గజ్జి, పురుగుల కాటు, చెమటకాయలు, చలికాలపు పొడి చర్మం వంటి మామూలు కారణాల్లో ఏదో ఒకటిగా తేలుతుంది. వీటిని విడదీసి చూపేది చాలాసార్లు రక్తపరీక్ష కాదు. దురద ఎక్కడ ఉంది, ఏ వేళలో పెరుగుతోంది, ఇంట్లో ఇంకెవరు గోక్కుంటున్నారు అన్న వివరాలే దారి చూపుతాయి. కారణం తేలకముందే రాసే స్టెరాయిడ్ ట్యూబులు ఈ ఆనవాళ్లను చెరిపేస్తాయి. గోరువెచ్చని స్నానం, చల్లటి తడిగుడ్డ, కాలాన్ని బట్టి నూనె లేదా పెట్రోలియం జెల్లీ వంటివి మాత్రం కారణం ఇంకా తెలియకపోయినా మొదలుపెట్టదగినవి.

దసరా తర్వాత కలిసొచ్చే మూడు కారణాలు

ఉత్తర తెలంగాణలో పసిపిల్లల దురదకు కారణం పట్టుకోవడం ఏడాది మొత్తంలో నవంబర్, డిసెంబర్ నెలల్లో కష్టం. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు సంగతులు ఆ రోజుల్లో ఒకేసారి జరుగుతాయి.

మొదటిది చలి. ఆదిలాబాద్, కుమురం భీం జిల్లాల్లో చలికాలపు రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. వరంగల్, జనగామ వైపు అంత చలి లేకపోయినా వానాకాలపు తేమ పోయి గాలి పొడిబారుతుంది, దాంతోపాటే చర్మమూ పొడిబారుతుంది. రెండోది పత్తి. ఏరిన పత్తిని వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కో జిన్నింగ్ మిల్లుకో తోలేదాకా, ధర కోసం ఆగితే ఇంకొన్ని వారాలపాటు, ఇంట్లోనే ఒక గదిలో పోసిపెట్టే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ కుప్ప మీద దొర్లి ఆడటం పిల్లలకు పండగే.

మూడోది ఎవరూ లెక్కలోకి తీసుకోనిది, సెలవులు. గురుకులాల్లో, హాస్టళ్లలో చదివే అన్నో అక్కో బతుకమ్మ, దసరా సెలవులకు ఇంటికొచ్చి చిన్నవాళ్లతో ఒకే బొంతలో పడుకుంటారు. పెద్దపిల్లకు హాస్టల్లో గజ్జి అంటుకుని ఉంటే ఆ కొద్ది రాత్రుల్లోనే చిన్నవాళ్లకూ అంటుతుంది. అయితే గజ్జి మొదటిసారి సోకినవాళ్లలో దురద వెంటనే రాదు, సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. పెద్దపిల్ల తిరిగి హాస్టల్‌కు వెళ్లి నెల దాటాక చిన్నపిల్ల గోక్కోవడం మొదలుపెడుతుంది. అప్పటికి ఆ రెండింటినీ కలిపి చూడాలన్న ఆలోచన ఎవరికీ తట్టదు.

ఇంట్లో వెతికేది నిన్నామొన్నటి సంగతుల్లోనే. వంకాయ కూర పెట్టామా, సబ్బు మార్చామా, బోరు నీళ్లు పడలేదా, ‘వేడి చేసిందా’, దిష్టి తగిలిందా. అసలు కారణం నెలన్నర వెనక ఉంటే ఈ వెతుకులాటకు అది చిక్కదు. ‘కారణం తెలియని దురద’ అన్న పేరు చాలామంది పిల్లల విషయంలో ఇలాగే పడుతుంది.

దురద పుట్టే రెండు దారులు

‘అలర్జీ సిరప్ పోస్తున్నా గోకుడు ఆగట్లేదు’ అన్న ఫిర్యాదు చాలా ఇళ్లలో వినిపిస్తుంది. దురద ఎలా పుడుతుందో చూస్తే అందులో వింతేమీ కనిపించదు.

దోమ కుట్టినప్పుడు, దద్దుర్లు లేచినప్పుడు చర్మంలోని మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. అది సన్నటి నరాల కొసలను రెచ్చగొడితే దురద పుడుతుంది. సిరప్ రూపంలో ఇచ్చే యాంటీహిస్టమిన్ మందులు అడ్డుకునేది ఈ దారినే. కాబట్టి దద్దుర్లకు అవి బాగా పనిచేస్తాయి. ఎగ్జిమాలో మాత్రం దురద ఎక్కువగా మరో దారిలో వస్తుంది. రోగనిరోధక కణాలు వదిలే ఇంటర్‌ల్యూకిన్ 4, 13, 31 వంటి పదార్థాలు నరాలను రెచ్చగొడతాయి, హిస్టమిన్ పాత్ర అక్కడ చిన్నది. పాతకాలపు యాంటీహిస్టమిన్ సిరప్ పోస్తే బాబు మత్తుగా పడుకుంటాడు. ఇంట్లోవాళ్లకు దురద తగ్గినట్టు అనిపిస్తుంది గానీ నిద్రలోనూ చెయ్యి గోకుతూనే ఉంటుంది. మత్తు తెచ్చే ఆ మందులను రెండేళ్లలోపు పిల్లలకు డాక్టర్ చెప్పకుండా వాడకూడదు.

చర్మం మీద చేరే బ్యాక్టీరియా పాత్ర కూడా ఈమధ్య స్పష్టమవుతోంది. ఎగ్జిమా ఉన్న చర్మం మీద స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఎక్కువగా పెరుగుతుంది. అది వదిలే ఒక ఎంజైమ్ నరాలను నేరుగా తాకి దురద పుట్టిస్తుందని 2023లో హార్వర్డ్ మెడికల్ స్కూల్ పరిశోధకులు ఎలుకల మీద చూపించారు. వాపు లేకపోయినా దురద రావచ్చని దాంతో తేలింది.

ఇక గోకడం. గోకితే కలిగే చిన్న నొప్పి వెన్నుపాములో దురద సంకేతాన్ని కాసేపు అణిచిపెడుతుంది, హాయిగా అనిపించేది అందుకే. అదే సమయంలో గోళ్ల కింద చర్మం చిట్లి, వాపు పెరిగి, బ్యాక్టీరియాకు దారి దొరికి, కొన్ని నిమిషాల్లోనే ముందుకన్నా గట్టిగా దురద మొదలవుతుంది. రాత్రిపూట ఇది ఇంకా ముదురుతుంది. పడుకున్నాక చర్మం వెచ్చబడుతుంది, చర్మం గుండా ఆవిరైపోయే నీరు పెరుగుతుంది, వాపును అదుపులో పెట్టే కార్టిసాల్ హార్మోన్ తగ్గుతుంది, మనసు మళ్లించే ఆటపాటలూ ఉండవు. ‘గోకకు’ అని రెండేళ్ల పాపను గద్దించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

మూడు నెలల లోపు పిల్లలకు గోక్కోవడమే చేతకాదు. ముఖాన్ని పక్కబట్టకు రుద్దుకోవడం, కాళ్లు ఒకదానితో ఒకటి రాపాడించడం, పాలు సరిగా తాగకుండా ఏడవడం వాళ్లలో దురదకు గుర్తులు. కడుపునొప్పి అనుకుని వాము నీళ్లు పోసే ఇళ్లలో ఒకసారి బట్టలు విప్పి ఒళ్లంతా వెలుతురులో చూస్తే మంచిది.

చిన్నపిల్లల చర్మం ఎందుకింత త్వరగా చెడుతుంది

పసివాళ్ల చర్మం పైపొర పెద్దవాళ్లకన్నా పలచన. బరువుతో పోలిస్తే ఒంటి వైశాల్యం ఎక్కువ కాబట్టి నీరు త్వరగా పోతుంది, పైన రాసింది త్వరగా లోపలికి ఇంకుతుంది. పైపొరలోని కణాలనూ వాటి మధ్య కొవ్వునూ పట్టి ఉంచడానికి సాయపడే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ కొందరిలో పుట్టుకతోనే తక్కువ. అలాంటి చర్మం పెంకులు జరిగిన గూనపెంకుల ఇంటి లాంటిది. లోపలి తేమ బయటికి పోతుంది, బయటి దుమ్ము, సబ్బు, పురుగు పుట్ర లోపలికి వస్తాయి. ఎగ్జిమాకు మూలం చాలావరకు ఇక్కడే. ఇంట్లో ఎవరికైనా ఆస్తమా, ఎప్పుడూ తుమ్ములు, ముక్కు కారడం ఉంటే పిల్లలకు ఇది వచ్చే అవకాశం పెరుగుతుంది.

మన ఇళ్లలోని చలికాలపు స్నానం ఈ చర్మానికి గట్టి పరీక్షే. కాగులో మసిలిన నీళ్లు, శెనగపిండి నలుగు, ఆపైన సబ్బు. వేడినీళ్లు పోసిన ఆ నిమిషం దురద ఆగుతుంది, అందుకే పిల్లలు ఇంకా పోయమంటారు. కానీ పైపొరలో మిగిలిన కొద్ది కొవ్వునూ ఆ నీళ్లు కడిగేస్తాయి. పిండితో రుద్దడం వల్ల గీతలు పడతాయి. ఆరోగ్యంగా ఉన్న చర్మం పీహెచ్ 5 దగ్గర, కొంచెం ఆమ్లంగా ఉంటుంది. మామూలు సబ్బులది 9 నుంచి 10. నలుగు తప్పని కాదు, ఆరోగ్యంగా ఉన్న చర్మానికి ఉగాదికో పుట్టినరోజుకో పెడితే వచ్చే నష్టం లేదు. దురదతో ఉన్న చర్మానికి రోజూ పెడితేనే చిక్కు.

నీళ్ల మీద వచ్చే అనుమానం కూడా తరచూ వినేదే. గట్టి నీళ్లలో సబ్బు ఎక్కువ పట్టి, దాని అంశం చర్మం మీద మిగిలిపోతుంది, ఆ మేరకు నిజముంది. అయితే ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లల మీద బ్రిటన్‌లో జరిగి 2011లో వెలువడిన పరీక్షలో, నీటిని మెత్తబరిచే యంత్రం పెట్టిన ఇళ్లలోని పిల్లలకు అదనంగా వచ్చిన మేలు కనిపించలేదు. వేల రూపాయలు పోసి యంత్రం కొనేకన్నా సబ్బు తగ్గించడం నయం.

ఎక్కడ, ఎప్పుడు, ఇంకెవరికి

చర్మం డాక్టర్ మొదట చూసేది మచ్చ ఎలా ఉందన్నదాని కన్నా ఎక్కడెక్కడ ఉందన్నది. ఎగ్జిమా ఏడాదిలోపు పిల్లల్లో బుగ్గలు, మోచేతుల వెలుపలి వైపు, పిక్కల మీద వస్తుంది. డైపర్ లేదా లంగోటీ కట్టే చోటు తడిగా ఉంటుంది కాబట్టి అక్కడ సాధారణంగా ఉండదు. నడక వచ్చాక మోచేతి మడతలు, మోకాళ్ల వెనక భాగాలకు మారుతుంది. దోమ, నల్లి, గోమారి కాట్లకు అతిగా స్పందించే చర్మమైతే బట్ట కప్పని చేతులు, కాళ్ల మీద గట్టి పొక్కులు గుంపులుగా లేస్తాయి. ఇది రెండేళ్ల నుంచి పదేళ్ల మధ్య పిల్లల్లో ఎక్కువ. ఒకే మంచంలో పడుకున్న ఇద్దరిలో ఒకరికే పొక్కులు రావచ్చు. కుట్టింది ఇద్దరినీ, స్పందించింది ఒకరి చర్మం. ‘పురుగైతే ఇద్దరికీ రావాలి కదా’ అన్న వాదన ఇక్కడ నిలవదు.

దద్దుర్లను కాలమే పట్టిస్తుంది. ఒక్కో దద్దురు 24 గంటల్లోపు మాయమై ఇంకోచోట లేస్తుంది. ఆస్పత్రికి చేరేసరికి ఒంటి మీద ఏమీ మిగలదు, డాక్టర్‌కు చూపడానికి ఏమీ ఉండదు. లేచినప్పుడే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవడం సగం పరీక్షలతో సమానం. పిల్లల్లో ఉన్నట్టుండి వచ్చే దద్దుర్లకు తిండి కన్నా జలుబు, జ్వరం వంటి వైరస్ ఇన్ఫెక్షన్లే ఎక్కువసార్లు కారణం. రాత్రిపూట మలద్వారం చుట్టూ మాత్రమే దురదైతే నులిపురుగుల పని. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, బడుల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర ఈ పురుగుల మీదా పనిచేస్తుంది.

పుస్తకాల్లో ‘ఎర్రటి మచ్చలు’ అని రాసింది మన పిల్లల మీద వెతికితే దొరకకపోవచ్చు. ఆ వర్ణనలు తెల్లటి చర్మాన్ని చూసి రాసుకున్నవి. గోధుమ, నలుపు రంగు చర్మం మీద ఎగ్జిమా బూడిదరంగుగానో ముదురు గోధుమగానో, ఒక్కోసారి వెంట్రుక కుదుళ్ల దగ్గర గగుర్పాటు లాంటి బొడిపెలుగానో ఉంటుంది. కంటికి దొరకనిది చేతికి దొరుకుతుంది. అరచేత్తో నిమిరితే గరుకుగా తగులుతుంది.

గజ్జి: సిగ్గు వల్ల పెరిగే జబ్బు

గజ్జి పేరు ఎత్తితేనే చాలా ఇళ్లలో నామోషీ. మురికి మనుషుల జబ్బన్న పేరు దానికి. నిజానికి అది సార్కాప్టిస్ అనే కంటికి దాదాపు కనపడనంత చిన్న పురుగు చర్మంలో సొరంగం చేసి గుడ్లు పెట్టడం వల్ల వస్తుంది. శుభ్రంగా రోజూ స్నానం చేసేవాళ్లకూ చర్మం చర్మానికి కాసేపు ఆనితే అంటుకుంటుంది. మామూలు గజ్జిలో ఒంటి మీద ఉండే ఆడ పురుగులు 10, 15కు మించవు. ఒళ్లంతా దురద పుట్టేది పురుగుల సంఖ్య వల్ల కాదు, వాటికి శరీరం చూపే అలర్జీ వల్ల. ఆ అలర్జీ తయారవడానికి పట్టే సమయమే ముందు చెప్పిన ఆ 4 నుంచి 6 వారాలు. ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకు మళ్లీ సోకితే మాత్రం ఒకటి నుంచి నాలుగు రోజుల్లోనే దురద మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది.

పెద్దవాళ్లలో వేళ్ల సందులు, మణికట్టు, బొడ్డు చుట్టూ, నడుము దగ్గర వస్తుంది. పసిపిల్లల్లో అరచేతులు, అరికాళ్లు, తల, మెడ కూడా. అరికాలి మీద పొక్కులతో రాత్రంతా ఏడ్చే బాబుకు, వేళ్ల సందుల్లో గోక్కునే అమ్మమ్మకు ఒకటే జబ్బు కావచ్చన్న అనుమానం వస్తే రోగం సగం దొరికినట్టే.

చికిత్స తెలిసినదే, తప్పేది అమలులో. 5 శాతం పర్మెత్రిన్ క్రీమ్‌ను రెండు నెలలు దాటిన పిల్లల నుంచి అందరికీ వాడతారు. పెద్దవాళ్లకు మెడ నుంచి అరికాలి దాకా, పసిపిల్లలకు కళ్లూ నోరూ వదిలి తలకు కూడా, గోళ్ల కిందా వేళ్ల సందులా రాసి 8 నుంచి 14 గంటలు ఉంచి కడగాలి. మధ్యలో చేతులు కడిగితే అక్కడ మళ్లీ రాయాలి. వేళ్లు నోట్లో పెట్టుకునే పిల్లలకు చేతులకు మెత్తటి గుడ్డ సంచి తొడగాలి. వారం, రెండు వారాల మధ్య ఇదంతా ఇంకోసారి. దురద ఉన్నా లేకున్నా ఇంట్లో ఉన్నవాళ్లందరూ ఒకే రాత్రి రాసుకోవాలి, అసలు చిక్కు ఇక్కడే. ‘నాకేం దురద లేదు’ అని తాతో నాన్నో తప్పుకుంటే ఆయన నుంచే నెల తర్వాత మళ్లీ మొదలవుతుంది. హాస్టల్లో ఉన్న పిల్లకూ అదే వారంలో వైద్యం అందాలి, లేకపోతే సంక్రాంతి సెలవులకు కథ మొదటికొస్తుంది.

పురుగు మనిషి ఒంటి నుంచి దూరమైతే రెండు మూడు రోజులకు మించి బతకదు. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకడం, ఉతకలేని బొంతను ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి వారంపాటు పక్కన పెట్టడం చాలు. ఇల్లంతా మందు కొట్టాల్సిన పని లేదు. వైద్యం సరిగా జరిగినా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. చచ్చిన పురుగుల అవశేషాల మీద అలర్జీ అది. ఈ మాట ముందే చెప్పకపోవడంతో మందు పనిచేయలేదనుకుని క్రీమ్ పదేపదే రాసే ఇళ్లున్నాయి. దాంతో చర్మం ఇంకా పొడిబారి దురద ఇంకా పెరుగుతుంది.

పత్తి కుప్ప, మందు కొట్టిన చొక్కా, చేను గట్టు

నిల్వ పత్తి ఉన్న ఇంట్లో దురదకు కొన్ని దారులున్నాయి. పత్తి నూగు, ఎండిన ఆకుపొడి సున్నితమైన చర్మానికి గుచ్చుకుంటాయి. పురుగుమందు అవశేషాలు ఉండొచ్చు. వీటికన్నా తక్కువమందికి తెలిసింది పైమోటిస్ అనే సూక్ష్మమైన పురుగు. నిల్వ ధాన్యంలో, గడ్డిలో, పత్తి గింజలో ఉండే పురుగుల లార్వాల మీద బతుకుతుంది. వాటి మధ్య మనిషి దొరికితే కుట్టి వదిలేస్తుంది, చర్మంలో కాపురం పెట్టదు. కుట్టినప్పుడు తెలియదు, చాలా గంటల తర్వాత వీపు, పొట్ట మీద పొక్కులు, విపరీతమైన దురద వస్తాయి. గజ్జి అనుకుని క్రీములు రాయడం ఇక్కడ దండగ. పిల్లల్ని ఆ గదికి దూరంగా ఉంచితే కొద్ది రోజుల్లో తగ్గడమే దీనికి గుర్తు, అదే వైద్యం కూడా.

చేను నుంచి వచ్చిన నాన్న మందు కొట్టిన చొక్కాతోనే పాపను ఎత్తుకోవడం మరో దారి. మిరప కోతల కాలంలో కారం పట్టిన చేతులదీ ఇదే తీరు. కంచెల వెంబడి పెరిగే దురదగొండి కాయ నూగు అయితే వెంటనే, భరించలేనంతగా మండిస్తుంది. కారణం కళ్లెదుటే ఉంటుంది కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నూగును రుద్దకుండా అంటుకునే టేపుతో లాగేసి, తర్వాత నీళ్లు పోయాలి. వయ్యారిభామ మొక్క పుప్పొడి, ఎండిన పొడి గాలిలో కలిసి చర్మాన్ని రేపుతాయి. పిల్లల్లో ఉన్న ఎగ్జిమాను అది ఎక్కువ చేయగలదు.

మూడు మందుల ట్యూబ్

దురదకు మందుల షాపులో అడిగితే చేతికొచ్చేది తరచుగా ఒకే రకం ట్యూబ్. అందులో బలమైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిసి ఉంటాయి. ఏ జబ్బయినా ఏదో ఒకటి తగులుతుందన్నది దాని వెనక లెక్క. రెండు రోజుల్లో దురద ఆగుతుంది కాబట్టి నమ్మకం కుదురుతుంది. ఆగింది దురదే, కారణం కాదు. స్టెరాయిడ్ చర్మపు స్పందనను అణిచేస్తే తామర ఫంగస్ అడ్డులేకుండా పెరుగుతుంది. అంచులు చెరిగిపోయి, తామరను తామరగా గుర్తుపట్టడమే కష్టమవుతుంది. గజ్జిలోనూ అంతే, పురుగులు పెరుగుతూ ఉంటే పైకి మాత్రం పొక్కులు తగ్గినట్టు ఉంటుంది. దేశంలో తామర మొండికేయడానికి ఈ ట్యూబుల వాడకం ఒక ముఖ్య కారణమని చర్మవ్యాధి నిపుణులు చాలా కాలంగా చెబుతున్నారు. 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. కౌంటర్ దగ్గర ఆ నియమం ఎంతవరకు అమలవుతోందో కొనేవాళ్లందరికీ తెలుసు.

పసిపిల్లల పలచటి చర్మం గుండా బలమైన స్టెరాయిడ్ రక్తంలోకి చేరుతుంది. వారాల తరబడి ఒళ్లంతా రాస్తే ముఖం ఉబ్బడం, ఎదుగుదల మందగించడం వరకు పోవచ్చు. అలాగని స్టెరాయిడ్ అన్న మాటకే భయపడటం ఇంకో తప్పు. ఎగ్జిమా అని తేలాక, డాక్టర్ చెప్పిన తక్కువ బలం ఆయింట్‌మెంట్‌ను చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు రాస్తే అది ప్రమాదకరం కాదు. భయంతో మధ్యలో మానేస్తే వాపు మళ్లీ రేగి, చివరికి ఎక్కువ మందే పడుతుంది.

కారణం తేలేదాకా ఉపశమనం

ఉపశమనం కోసం చేసే పనుల్లో కొన్ని ఏ కారణమైనా చేయొచ్చు, కొన్ని కారణం తెలిశాకే చేయాలి. మొదటి రకానికి ఖర్చు తక్కువ, ఆనవాళ్లను చెరపవు.

స్నానం గోరువెచ్చని నీళ్లతో 5 నుంచి 10 నిమిషాలు. సబ్బు చంకలకు, గజ్జలకు, మురికి పట్టిన చోటికి మాత్రమే. తుడిచేటప్పుడు రుద్దకుండా అద్దాలి. చలికాలమైతే ఒళ్లు పూర్తిగా ఆరకముందే, మూడు నాలుగు నిమిషాల్లో కొబ్బరినూనె గానీ పెట్రోలియం జెల్లీ గానీ పలచగా పట్టించాలి. రాత్రి పడుకునే ముందు మరోసారి. ఇక్కడ పరిమాణం ముఖ్యం. దురద ఉన్న పిల్లలకు వారానికి 200 గ్రాములకు పైగా పట్టొచ్చు. ఖరీదైన చిన్న ట్యూబ్‌ను పొదుపుగా చుక్కలు పెట్టేకన్నా చవకైన డబ్బాను ధారాళంగా వాడటమే మేలు చేస్తుంది. ఆవనూనె, ఆలివ్ నూనెల్లో ఒలియిక్ ఆమ్లం వంటి కొవ్వులు చర్మపు పొరను దెబ్బతీస్తాయి కాబట్టి అవి వద్దు.

ఇదే సలహా మే నెలలో తిరగబడుతుంది. రామగుండం, మంచిర్యాల వైపు 45 డిగ్రీలు తాకే ఎండల్లో చిన్నపిల్లల చెమట గ్రంథుల దారులు మూసుకుపోయి మెడ, వీపు, నుదురు మీద చెమటకాయలు లేస్తాయి. అప్పుడు జెల్లీ, నూనె పట్టిస్తే ఆ దారులు ఇంకా మూసుకుంటాయి. ఎండాకాలానికి గాలి, పలచటి నూలు బట్ట, రెండుపూటలా మామూలు నీళ్ల స్నానం చాలు. కాలమైన్ లోషన్ చెమటకాయలకు, పురుగు కాట్లకు చల్లదనం ఇస్తుంది. ఎగ్జిమాకు మాత్రం పనికిరాదు, చర్మాన్ని ఇంకా ఆరబెడుతుంది. పౌడర్ పసివాళ్ల ఊపిరిలోకి పోతుంది కాబట్టి ఏ కాలానికీ అవసరం లేదు.

రాత్రి దురద రేగినప్పుడు చల్లటి నీళ్లలో పిండిన మెత్తటి గుడ్డను ఆ చోట 10 నిమిషాలు వేసి ఉంచితే గోకినంత హాయి, గోకిన నష్టం లేకుండా దొరుకుతుంది. చల్లదనం కూడా నరాల మీద దురద సంకేతాన్ని తగ్గించేదే. గోళ్లు వారానికి రెండుసార్లు తీయాలి. స్వెటర్ గానీ గొంగడి గానీ ఒంటికి నేరుగా తగలకుండా లోపల నూలు బనియన్ ఉండాలి, ఉన్ని పోగు ఎగ్జిమా చర్మాన్ని గుచ్చుతుంది. నులకమంచం సందుల్లో నల్లులున్నాయేమో పగటి వెలుతురులో చూసి, మంచానికి దోమతెర కట్టాలి.

ఇంటి వైద్యంలో రెండు విషయాల దగ్గర మాత్రం గట్టిగా ఆగాలి. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయడం చల్లగా అనిపిస్తుంది. కానీ కర్పూరం చర్మం గుండా, పొరపాటున నోట్లోకి పోతే ఇంకా త్వరగా ఒంట్లోకి చేరి పసిపిల్లల్లో ఫిట్స్ తెప్పించగలదు. వేపాకు నీళ్లతో స్నానం వల్ల పెద్దగా హాని లేదు, వేపనూనెను తాగించడం మాత్రం ప్రాణాంతకం కావచ్చు. స్నానపు నీళ్లలో యాంటీసెప్టిక్ ద్రవం కలిపే అలవాటు ప్రమాదం కాదు గానీ పొడి చర్మాన్ని మండిస్తుంది.

తిండి మానేయడం వల్ల పోయేది

వంకాయ, గోంగూర, చేపలు, గుడ్డు. దురద రాగానే మొదట ఆగిపోయేవి ఇవి. ఎగ్జిమా తీవ్రంగా ఉన్న పిల్లల్లో కొందరికి పాలు, గుడ్డు, వేరుశనగ, గోధుమ వంటి వాటికి నిజమైన అలర్జీ ఉంటుంది. అది సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల్లో దద్దుర్లు, వాంతి, పెదవుల వాపు రూపంలో బయటపడుతుంది. ప్రతిసారీ అదే తిండితో అదే జరుగుతుంది. తేలికపాటి దురదకు నాలుగైదు పదార్థాలు ఒకేసారి మానిపిస్తే దురద మారదు, ప్రోటీన్, ఇనుము మాత్రం తగ్గుతాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం దేశంలో 6 నుంచి 59 నెలల పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుము లోపం తనంతట తానే దురదకు కారణం కాగలదు, పథ్యం పెట్టే ఇళ్లు గమనించని మెలిక ఇది.

ఆగకూడని సందర్భాలు

దద్దుర్లతో పాటు పెదవులు, నాలుక ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. గోకిన చోట తేనెరంగు చెక్కులు కడితే బ్యాక్టీరియా చేరినట్టు. అది స్ట్రెప్టోకాకస్ అనే రకం బ్యాక్టీరియా అయితే ఆ పుండ్లు మానాక కొన్ని వారాలకు మూత్రపిండాలకు వాపు రావచ్చు. ముఖం ఉబ్బడం, మూత్రం డికాషన్ రంగులోకి మారడం దానికి గుర్తులు. ఎగ్జిమా ఉన్న చోట ఒక్కసారిగా ఒకే సైజు నీటిపొక్కులు లేచి జ్వరం వస్తే అది హెర్పిస్ అనే వైరస్ ఇన్ఫెక్షన్ కావచ్చు, అదే రోజు ఆస్పత్రికి పోవాలి. చర్మం మీద గోకుడు గీతలు తప్ప ఏమీ లేకుండా వారాల తరబడి దురద ఉండి, కళ్లు పచ్చబడినా బరువు తగ్గినా కాలేయం, రక్తం పరీక్షలు అవసరమవుతాయి. అది అరుదు.

మిగిలినవాటికి పీహెచ్‌సీ లేదా పిల్లల డాక్టర్‌తో మొదలుపెట్టి, తేలకపోతే వరంగల్ ఎంజీఎం వంటి పెద్దాస్పత్రిలోని చర్మవ్యాధుల విభాగానికి వెళ్లొచ్చు. వెళ్లేటప్పుడు ఫోన్‌లోని ఫొటోలు, ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, వెంట తీసుకెళ్లాలి. ట్యూబ్ పేరు దాచిపెడితే డాక్టర్ చూసేది జబ్బును కాదు, స్టెరాయిడ్ మార్చేసిన జబ్బును.

దురద పోయాక మిగిలే తెల్ల మచ్చలు

దురద తగ్గాక ఇళ్లలో కొత్త భయం మొదలవుతుంది. బుగ్గల మీద, చేతుల మీద పాలిపోయిన మచ్చలు కనిపిస్తాయి. బొల్లి అని కొందరు, కాల్షియం తక్కువని కొందరు, కడుపులో పురుగులని కొందరు అంటారు. చాలావరకు ఇది ఎగ్జిమా వాపు వల్ల రంగు కణాల పని తాత్కాలికంగా మందగించడమే. మచ్చ అంచు మసకగా చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతూ, పైన సన్నటి పొట్టు ఉంటే అది ఈ రకం. బొల్లి మచ్చ సుద్దలా తెల్లగా, గీత గీసినట్టు స్పష్టమైన అంచుతో ఉంటుంది, పొట్టు ఉండదు. కాల్షియం సిరప్‌తో దీనికి సంబంధం లేదు. ఎండకు చుట్టూ చర్మం నల్లబడితే మచ్చ ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతుంది కాబట్టి ఎండాకాలంలో పెరిగిందనిపిస్తుంది. నూనె రాయడం కొనసాగిస్తే రంగు కొన్ని నెలల్లో, కొందరిలో ఏడాది దాటాక, మెల్లగా తిరిగొస్తుంది.